మబ్బు పట్టిన రోజున పూల్‌సింగ్ గారి వారెంటు

1974 జూలై ఒకటవ తేదీన కానిస్టేబుల్‌గా విధుల్లో చేరి, ఏన్కూరు మొదలు భద్రాచలం అడవి అంచు దాకా అనేక ఠాణాలలో సేవలందించి, 2008 మే నెలాఖరున హెడ్ కానిస్టేబుల్‌గా పదవీ విరమణ చేస్తున్న శ్రీ భూక్యా పూల్‌సింగ్ గారికి, వారి పక్క బల్ల మీద రాతపని చేసిన నా హృదయపూర్వక అభినందనలు.

తొలినాళ్లలో బందోబస్తులు, ఆపై నేర విచారణలు సమర్థంగా నిర్వహించిన వారు, 1998 నుంచి కోర్టు వారెంట్ల బాధ్యత స్వీకరించారు. దొంగను పట్టడానికి మాలో అందరూ సింహాలమే. భార్యాబిడ్డలకు మనోవర్తి ఎగవేసిన తండ్రిని పట్టమంటే మాత్రం అందరికీ తలనొప్పి. ఆ కాగితాలన్నీ చివరకు పూల్‌సింగ్ గారి చేతికే చేరేవి.

2002 మార్చిలో రెడ్యా అనే రైతు, విడిగా ఉంటున్న భార్య రూప్లికి, కూతురు భార్గవికి కోర్టు నిర్ణయించిన మనోవర్తి చెల్లించక, ఎప్పుడు వెళ్లినా ఇంట దొరకక మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టాడు. ఏడో తరగతి పిల్ల బడి మాని తల్లితో మిరప కోతకు పోయే పరిస్థితి వచ్చింది.

"మనిషి దాగుతడు గానీ, మబ్బు పడితే మిర్చి కాడికి రాక ఏడికి పోతడు?" అన్నారు పూల్‌సింగ్ గారు.

ఆకాశం నల్లబడిన మధ్యాహ్నం వారి వెంట నేనూ వెళ్లాను. అన్నట్టే రెడ్యా కల్లంలో ఉన్నాడు, ఆరబోసిన మిర్చి మీద ఒక్కడే పట్టా కప్పలేక అవస్థ పడుతూ. మమ్మల్ని చూసి పరుగందుకోబోయాడు.

"ఉరుకుతవేందిరా? మిర్చి తడిస్తే నీ బిడ్డకేం పెడ్తవ్? ఆ కొస పట్టు!"

పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాకే వారు జేబులోంచి వారెంటు తీశారు. రెడ్యా తల వంచుకొని, "పా సార్, వస్త" అన్నాడు. కోర్టు గడువిచ్చింది, ఖమ్మం యార్డులో మిర్చి అమ్మిన రోజే అతడు బకాయి చెల్లించాడు. ఆ కేసులో మళ్లీ వారెంటు రాలేదు. భార్గవి నేడు డిగ్రీ చదువుతున్నది.

ఈ వ్యాసం కోసం మొన్న వారింటికి వెళ్లి ఈ సంగతి ఎత్తితే, వారి సతీమణి ద్వాలి గారు నవ్వారు.

"గా వానకే మా మిర్చంత తడిసింది సార్. పట్టా గుంజనీకి నేనొక్కదాన్నే ఉంటి. ఈయన రెడ్యా కల్లంల ఉండె!"

ఇన్నేళ్లలో వారు మాకు ఆ ముక్క చెప్పనే లేదు.

పూల్‌సింగ్ గారూ, మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, సకుటుంబంగా నూరేళ్లు వర్ధిల్లాలి. ఊరి బిడ్డల కోసం తిరిగింది చాలు. ఇకపై మబ్బు పట్టిన ప్రతిసారీ ద్వాలి గారి పట్టా రెండో కొస మీ చేతిలోనే ఉండాలని మా అందరి ఆకాంక్ష.

— కోటేష్, స్టేషన్ రైటర్