మాల తీసిన మర్నాడు

"మావయ్యా, ఫోన్లో ఆ బూతు వీడియోలు మానలేకపోతున్నాను. ఈసారి అయ్యప్ప మాల వేసుకుంటే పోతుందంటావా?"

వేసుకో అల్లుడూ, వేసుకో. తల దించుకోమాక, ఇట్రా, ఈ మంచం మీద కూర్చో. నోరు తెరిచి చెప్పావు, సగం బరువు దిగింది. మిగతా సగానికి నా కథ విను. మీ అమ్మకి కూడా తెలీదిది. సొంత చెల్లెలైనా ఎలా చెప్తాం చెప్పు.

మా వయసులో అలాంటి బొమ్మ చూడాలంటే నూజివీడు నుంచి బెజవాడ పోవాలి. బస్సుకి మూడు రూపాయలు... కాదు, నాలుగనుకుంటా. టికెట్టు వేరే. పైగా హాల్లో మన రెడ్డిగూడెం వాడెవడన్నా కనపడతాడేమోనని తలకి తువ్వాలు. ఆ ఖర్చుకీ ఆ సిగ్గుకీ ఏడాదికోసారి పోతే గొప్ప. యాభై దాటాక, మావిడి రేట్లు చూసుకుంటానని పెద్ద ఫోను కొన్నాను చూడు, అక్కడ తగలడ్డాను. తోటలో షెడ్డు కింద కూర్చుని పొద్దస్తమానం అదే పని. మీ అత్త అన్నం తెచ్చినా తలెత్తేవాణ్ణి కాదు. పాపం, "ఇంతసేపు రేట్లు చూసే మనిషి కాయ అంత చవగ్గా ఎందుకిచ్చాడా" అనుకునేదంట.

నా మీద నాకే అసహ్యం వేసి మాల వేసుకున్నా. చన్నీళ్ళ స్నానం, నేల పడక, నలభై ఒక్క రోజులు ఫోను ముట్టలేదు. నా అంత మొనగాడు లేడనుకున్నా. మాల తీసిన మర్నాడే మళ్ళీ మొదలు. అప్పుడేం చేశానో తెలుసా? శివమాల వేసుకున్నా. అదయ్యాక ఆంజనేయస్వామి మాల. ఊళ్ళో నన్ను మహాభక్తుడనేవాళ్ళు. నవ్వమాక, నాకు ఒళ్ళు మండుద్ది.

వైశాఖంలో కోత జరుగుతోంది. మీ అత్త కాయలేరి గంపలో వేస్తోంది. మాలలో ఉన్నాను గదా, స్వామీ అనే పిలిచింది. "స్వామీ, మాల లేనప్పుడు ఆ ఫోను దగ్గర, మాల ఉంటే దేవుడి దగ్గర. మరి నా దగ్గరుండేదెప్పుడు?" అంది.

అరవలేదు, ఏడవలేదు. కాయలేరుతూనే అంది. ఒకరోజు షెడ్డులో వెనకనించి వచ్చి ఫోన్లో ఏముందో చూసిందంట, ఎన్నాళ్ళు దిగమింగుకుందో. నేను దేవుణ్ణి అడ్డం పెట్టుకుని పెళ్ళాం మొహం తప్పించుకుంటున్నానని నాకప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

దీక్ష పూర్తయి గుళ్ళో మాల తీసేటప్పుడు ఒక్కటే అడిగా. స్వామీ, ఇంక మాల మీద మాల వెయ్యను, వట్టి మెడతో నిలబెట్టు అన్నా. ఇంటికొచ్చి ఫోను మీ అత్త చేతిలో పెట్టా. చన్నీళ్ళ స్నానం మానలేదు, దీపం మానలేదు, కాకపోతే పక్కన మీ అత్త కూర్చునేది. జారలేదా అంటే జారాను, రెండుసార్లు. జారిన రోజే చెప్పాను. రెండోసారికి నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వేడివేడిగా పెట్టింది. ఆ నాలుగు రోజులు పడ్డాక మళ్ళీ దాని జోలికి పోలేదు.

అందుకని, మాల వేసుకో. ముందు నీ పెళ్ళాం స్వాతికి చెప్పి వేసుకో. కొత్త పెళ్ళికూతురు, ఏడుస్తుంది, పడు. నలభై ఒక్క రోజులు నీకేం కాదు, స్వామి చూసుకుంటాడు. నలభై రెండో రోజు పొద్దున్నే ఇద్దరూ మా ఇంటికొచ్చెయ్యండి. అత్త పెసరట్లు వేస్తుంది, సాయంత్రం దాకా తోటలోనే ఉందురుగాని. చల్లగా ఉండు నాన్నా. లే, కళ్ళు తుడుచుకో, అమ్మాయి ఎదురుచూస్తుంటది.