ఆరు కండ్ల లైటు

మళ్ళా అట్ల గోడ దిక్కు తిరుక్కుంటే యెట్ల మామా? ఈ దిక్కు తిరుగు. డాక్టరు నీ దవడలకు తీగలేసి కట్టినాడు గానీ సెవులకు గాదు కదా! ఇన్నేండ్ల సంసారంలో నేను మాట మొదలుపెడితే ఒక్కనాడన్నా ఆకరిదాకా ఇన్నావా? ఇప్పుడు దేవుడే నీ నోరు కట్టించినాడు. ఇను.

ముందు ఈ రాగి జావ తాగు. ఆ గొట్టంతో మెల్లగ పీల్సు. యేం, మొగం అట్ల పెడతావు? ఉప్పు తక్కువైందా? నాలుక్కి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు సూడు.

ఆ కనుబొమ్మ లేపొద్దు. 'ఇంత పొద్దుపోయి వస్తివేమే' అనే కదా? పనుండె. యాడికి పోయొచ్చినానో తర్వాత సెప్తా.

ఈ పొద్దు ఊర్లో యేం జరిగిందో నీకు తెలీదు. పొద్దన్నే పోలీసాయప్ప వచ్చి ఉచ్చీరప్పను బండెక్కించుకొని స్టేషనుకు పిల్సుకపోయినాడు. ఊరంతా నిలబడి సూసింది. ఆయప్ప పెండ్లాం కవిత పరిగెత్తుకుంటా వచ్చి నా సేతులు పట్టుకునింది. 'మల్లేశ్వరక్కా, మా ఆయప్ప యేం జేసినాడక్కా? దేవేంద్రప్పన్నను ఒళ్ళో పండబెట్టుకొని ఆదోనికి తెచ్చినోడు కదక్కా' అని నీ పేరెత్తి ఒకటే ఏడుపు. నేనేం సెప్పాల ఆ పిల్లకు?

సెప్పు మామా, యేం సెప్పాల? నిన్న మాపున నీ తమ్ముడు రంగన్న ఇదే మంచం కాడ నిలబడి, 'అన్నా, రోడ్డు మీద రాళ్ళు పెట్టింది ఉచ్చీరప్పేనా?' అని అడిగితే నువ్వు తల ఊపితివా లేదా? నేను ఆ కొళాయి కాడ గిన్నె కడుగుతాంటి. సూసినా. ఆ యెర్రోడు మళ్ళా అడిగితే మళ్ళా ఊపితివి. వాడు ఆడికాడే సెప్పులేసుకొని స్టేషనుకు పరిగెత్తె.

థూ! నోరు కట్టేసినా అబద్ధం ఆడొచ్చని నిన్ను సూసినాకనే తెలిసింది.

ఇదంతా యాడ మొదలైంది? ఆ లైట్ల కాడ. నీకు లైటు అక్కర్లేదని నేను యానాడన్నా అంటినా? పత్తి సీజనొస్తే మిల్లులో పని ముగించుకొని ఆదోని నుంచి సీకట్లో వస్తావు. ఆ పాత బండి లైటు సూస్తే మిణుగురు పురుగే నయం. దావెంబడి గొర్రెల మందలు, యెనక లైటు ల్యాని ట్రాక్టర్లు, మంత్రాలయానికి నడిసిపోయే జనం. కొనుక్కోమని నేనే సెప్తి. కోళ్ళు అమ్మి దుడ్డు గూడా నేనే ఇస్తి.

కొనమంటే యేం కొన్నావు?

ఆ మెకానిక్ జయరాం నా ముందరే సెప్పె. 'అన్నా, పసుపు లైట్లు సిన్నవి ఒక జత తెచ్చుకో. హెడ్‌లైటు కింద కడ్డీకి బిగిస్తా. వెలుగు నేల మీద పడాల, మనిషి మొగాన గాదు. మన దుమ్ములో తెల్ల లైటు యెనక్కి కొడతాది' అన్నాడా? అన్నాడు. నువ్వు ఆయప్పను యెట్ల సూసినావో నాకింకా కండ్లల్లో ఉండాది. పసుపు లైటంట! ఇదేమన్నా పెండ్లా, పసుపెందుకు అంటివి.

నీకు గురువు ఫోను కదా! యెవడో యాడనో కొండల్లో జీపు మీద లైట్లేసుకొని తిరిగేది రేయంతా సూసేది. ఆయప్పకు కొండ ఉండాది, జీపుండాది. నీకేముండాది? కిక్కు కొడితే ఏడోసారికి పలికే బండి. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అంట!

అంగట్లో యేరుకొని తెచ్చినావా అంటే అదీ లేదు. బస్టాండు పక్క రోడ్డు మీద గోనెపట్ట పరుసుకొని అమ్మేవోడి దగ్గర! 'లారీ గూడా నిలబడి దావ ఇస్తాది అన్నా' అన్నాడంట వాడు. అంతే, నీ మీసం లేసె. ఆరు బల్బులు ఆరు కండ్ల మాదిరి ఉండేది, పాలమాదిరి తెల్లది, మొగంలో గుచ్చుకునేది. పగిలితే యాడ తెచ్చియ్యాల, వాడి పేరేంది, యేమన్నా అడిగినావా? నేను వంకాయ కొన్నా తిప్పి తిప్పి సూసి కొంటానే!

ఆ జయరాం తక్కువోడా? వద్దన్నోడే బిగించె. కూలి వస్తాది కదా. కిందికి తిప్పుతా అంటే నువ్వు పైకి తిప్పమంటివి, ఆయప్ప పైకి తిప్పె. సరిపోయినారు ఇద్దరూ.

మొదటి దినం ఇంటి ముందర లైటేసి నన్ను బయటికి పిలిస్తివి. యేమో దేవుడు దిగినాడనుకుంటి. రోడ్డు మీద ఒక సెయ్యి జాగా గూడా వెలుగు పడలేదు. అంతా పోయి సింతసెట్టు కొసన పడె. తెల్లారిందని కొంగలన్నీ లేసి అరిసినాయి. గుంత నేల మీద ఉంటాది గానీ సెట్టు మీద ఉంటాదా మామా అంటే, 'ఆడదానికి యేం తెలుసు' అంటివి. ఆ లైటేస్తే హారను పలకదు. హారను కొడితే లైటు గుడ్డిదైతాది. ఆడదానికి యేం తెలుసు!

నీ యెదురుగా వచ్చేవోళ్ళ గోస సెప్పాల్నా? మంత్రాలయం పోయే ముసలమ్మ ఒకామె కండ్లు మూసుకొని ముండ్లకంపల్లో పడె. నువ్వు నవ్వుకుంటా వచ్చి నాకు సెప్తివి. నవ్వినావు మామా. నాకు ఆ దినం అన్నం దిగలేదు.

నువ్వు ఆరు కండ్లది తెస్తే ఉచ్చీరప్ప ఊరుకుంటాడా? ఆయప్ప గూడా పెద్ద శుద్ధపూస యేం గాదులే. వారం తిరక్కముందే యెమ్మిగనూరు పోయి అంతకంటే పెద్దది తెచ్చె. ఇంగ సూడు తమాషా. ఈ మొగోళ్ళిద్దరూ యెదురుపడితే యెవరూ లైటు దించేది లేదు. దించితే మీసం ఊడిపోతాది!

ఇప్పుడు రాళ్ళ కాడికి వస్తా. యేం, అట్ల కండ్లు మూసుకుంటావు? నిద్ర వస్తాందా? రానీలే, నేను మాట్లాడేది ఆపను.

కళ్ళంలో ఆరబోస్తే మొక్కజొన్నకు మన్ను అంటుతాదని, కొత్త తార్రోడ్డు మీద సగం దావ ఆక్రమించి పోస్తిమి. ఊరంతా పోస్తాది, మనమూ పోస్తిమి. ఉచ్చీరప్ప ఆ పక్క మనకంటే ముందరే పోసుకొని సుట్టూ ముండ్లకంప యేసినాడు. నీకు కంప సాల్లేదు. బండ్లోళ్ళు నా గింజ తొక్కుతాండారు, యెవడొస్తాడో సూస్తా అని, మన కూలిపోయిన గోడ రాళ్ళు మోసకపోయి వరసగా పేరిస్తివి. కుక్క తలకాయంత రాళ్ళు! గింజ మీద నల్ల పట్ట కప్పితివి. నల్ల రోడ్డు, నల్ల పట్ట.

నేను యేమంటిని? 'మామా, ఇంట్లో సున్నం డబ్బా మిగిలుండాది. ఆ రాళ్ళ మీద తలా ఒక పూత పూస్తా. సీకట్లో యెవరికన్నా తెల్లగ కనపడతాది, పాపం' అంటిని. నువ్వేమంటివి? 'యెవరికి కనపడాల? నా లైటుకు పాకే సీమ గూడా కనపడతాది. వచ్చేవోళ్ళను రానీ, తగిలితే తెలుస్తాది' అంటివి.

తగిలింది. తెలిసిందా?

అందరికీ శకునం సెప్పే బల్లి తానే పోయి కుడితిలో పడినట్ల. సోమారం మాపున నువ్వు ఈ దిక్కు నుంచి, ఉచ్చీరప్ప ఆ దిక్కు నుంచి. నువ్వు ఆరు కండ్లేస్తివి, ఆయప్ప ఇంగా పెద్దదేసె. దుమ్ములో ఇద్దరికీ తెల్లగోడ తప్ప యేం కనపడలేదు. నువ్వు పక్కకు తిప్పితివి. నీ రాళ్ళ మీదికే ఎక్కితివి. మన గింజలోనే బోర్లాపడితివి.

ఇది నాకు యెవరు సెప్పినారు? ఉచ్చీరప్పే సెప్పె. ఆ రేయి ఈ ఆస్పత్రి బయట మెట్ల మీద కూసోని తల కొట్టుకుంటా సెప్పె. 'వదినా, డిమ్ము సేస్తే ఓడిపోయినట్లని సెయ్యలేదు వదినా. నాది గూడా తప్పే' అని. ఆయప్ప అంగీ నిండా నీ నెత్తురు. పారిపోయి ఉంటే యెవరు సూస్తారు? పోలేదు. ఆటో కోసం రోడ్డుకు అడ్డం నిలబడి, నీ తల పట్టుకొని తెచ్చె.

మామా, ఒక మాట సెప్తా. ఆ నెత్తురు సూసి నువ్వు పోయినావనుకుంటి. డాక్టరు బయటికి వచ్చి 'దవడ ఒకటే ఇరిగింది' అనేదాకా నేను మొక్కని దేవుడు లేడు. బతికించు సామీ, ఈయప్ప యేమన్నా పడతా అంటి. బతికినావు. బతికి యేం జేసినావు? కాపాడినోడి మీద తల ఊపినావు.

యేం, యేందా సెయ్యి ఊపడం? పరువా? నీ రాయి తగిలి నువ్వే పడినావని తెలిస్తే మిల్లులో నవ్వుతారా? నవ్వనీ! నాకే నవ్వొస్తాంది. నీ పరువు కోసరం ఇద్దరు పిల్లల తండ్రి పోయి స్టేషన్లో బెంచీ మీద కూసోవాల్నా?

పైగా యెవరన్నా నమ్ముతారనుకున్నావా? ఆ రాళ్ళకు మన గోడ నీలం రంగు ఇంగా అంటుకోనుండె. ఊర్లో నీలం గోడ యెవరికుండాది మామా, మనకు తప్ప? అబద్ధం సెప్పేదానికి గూడా తెలివుండాల. గుడ్డి కన్ను మూసినా ఒకటే, తెరిసినా ఒకటే. నీకు ఆరు కండ్లున్నా అంతే, అరవై ఉన్నా అంతే.

సరే. ఇంగొక్కసారి అడుగుతా. ఇప్పుడు పోలీసాయప్ప ఈడికి వస్తాడు. 'రాళ్ళు యెవరివి' అంటాడు. నువ్వు మాట్లాడక్కర్లేదు. నీ గుండె మీద సెయ్యి పెట్టుకొని, 'నావే' అన్నట్ల సూపించు సాలు. సూపిస్తావా?

నా దిక్కు సూసి సెప్పు. సూపిస్తావా?

తిరుక్కున్యావా గోడ దిక్కు! తెలుసు. నాకు ముందరే తెలుసు. అందుకే కదా!

ఇను. యాడికి పోయొచ్చినానో సెప్తానంటి కదా. స్టేషనుకు పోయొచ్చినా. నీలం రాయి ఒకటి, సంచిలో యేసుకొని, సంకన పెట్టుకొని బస్సెక్కినా. 'యేం తల్లీ, రాయికి టికెట్టు కొట్టాల్నా' అని కండక్టరు నవ్వె. మొగం దించుకొని కూసుంటి. స్టేషన్లో ఆడమనుషులు యెవరూ లేరు. సంచి గట్టిగ పట్టుకొని లోపలికి పోతి. ఉచ్చీరప్ప బెంచీ మీద ఉన్నాడు. నన్ను సూసి లేసి నిలబడె. ఆ నెత్తురంగీనే తొడుక్కోనుండాడు మామా, ఉతకను గూడా లేదు.

ఎస్సై సారు బల్ల మీద రాయి పెడితి. 'సార్, ఇది మా గోడ రాయి. పెట్టింది మా ఆయప్ప. ఈయప్పకు యేం సంబంధం లేదు, ఇంటికి పంపీండి' అంటి. సారు నన్నూ రాయినీ మార్చి మార్చి సూసె. 'మీ ఆయన మీద కేసు రాయాల్సొస్తాది, తెలుసామ్మా?' అనె. తెలుసు సార్, రాయండి అంటి.

ఆగు, ఇంగా అయిపోలేదు. నన్ను తిట్టేదానికి నీ నోరు యెంత కొట్టుకుంటాందో కనపడతాంది. తీగలు తెగుతాయి, ఊరుకో.

'నా పేరు గూడా రాయండి సార్' అంటి. యేమ్మా అనె. సున్నం డబ్బా ఇంట్లోనే ఉండె సార్, మొగుడు వద్దన్నాడని పూయకుండా ఊరుకున్యా అంటి. నిజమే కదా మామా? నువ్వు మిల్లుకు పోయినాక దినమంతా నాకు యేం పని? నాకు సేతులు లేవా? ఒక పూత పూసుంటే సాలు. నీకు భయపడి పూయలేదు. ఆ భయం యేదో దేవుడికన్నా పడుంటే పుణ్యం దక్కేది.

వాళ్ళు ఉచ్చీరప్పను నా కండ్ల ముందరే పంపినారు. ఇంటికి పోయి మొదలు రాళ్ళన్నిటికీ సున్నం కొడితి, తర్వాతనే నీకు జావ కాసితి. నీ లైటు గూడా పీకించినా. జయరాంకు ఇస్తే పసుపుది సిన్నది ఒకటి బిగించె. నేల మీద పడతాది.

అదో, బూట్ల సప్పుడు. ఆయప్పే వస్తాండాడు. నిన్ను అడిగేదానికి గాదు, యేం రాసుకున్నారో సదివి ఇనిపించేదానికి.

యేం సూస్తావు? జావ సల్లారిపోతాంది. తాగు మామా. కోర్టు దాకా ఇద్దరమూ నడవాల కదా.