బయట బెంచీ

పెనుగంచిప్రోలు ఆటోల సెంటర్. ఆరోగ్యమ్మ, ఆమె కూతురు మహిమ.

"అది నందిగామ ఆటో కదే. నేనెక్కను."

"ఎక్కమ్మా. అక్కడ షుగర్ డాక్టర్ దగ్గర నీ పేరు రాయించా."

"నాకు జగ్గయ్యపేటలో డాక్టరు గారున్నారుగా."

"తిరుపతిరావు గారా? పోయినసారి ఒకే మాత్ర రెండుసార్లు రాశాడు. రెండూ మింగి వాకిట్లో పడిపోయావు."

"పడలా. కూలబడ్డా."

"కాలు చూసుకున్నావా? బొటనవేలు నల్లబడిపోయింది. ఇంకా నాన్చితే వేలు తీసేస్తారంట."

"తీస్తే తీయనీ."

"అమ్మా..."

"నందిగామాయన మొహం చూడడే. కంప్యూటర్లో చూసుకుంటా మాట్లాడతాడు."

"మొహం చూస్తే పుండు మానుతుందా?"

"మానదులే."

"మరి?"

"ఎండ ముదురుతోంది. జరుగు, పేట ఆటో వస్తోంది."

"తిరుపతిరావు గారికి మతిమరుపమ్మా. అక్కడి కాంపౌండరే చెప్పాడు. వాళ్ళబ్బాయి ఈ నెలాఖరుకి ఆస్పత్రి మూసేస్తున్నాడంట."

"మూసేస్తాడా?"

"మూసెయ్యక? ఎవరికేం మందిస్తున్నాడో ఆయనకే తెలియట్లా."

"మతిమరుపని నాకు తెలవదా? పోయినేడే తెలిసింది."

"తెలిసీ పోతున్నావా?"

"రేపు నందిగామ వస్తానే. వేలు తీస్తానన్నా కూచుంటా. ఇవాళ ఒక్కసారి పేట పోనీ."

"ఎందుకో చెప్పు, పంపిస్తా."

"అదుగో, ఆటో వచ్చేసింది."

"చెప్పమ్మా."

"ఇంట్లో మీ నాన్న పేరు ఎవరన్నా ఎత్తుతున్నారా?"

"ఎత్తితే నువ్వు అన్నం మానేస్తున్నావని... అన్నయ్యే వద్దన్నాడు."

"మీ తప్పనడంలా."

"నాన్నకీ దీనికీ ఏంటమ్మా?"

"ఎప్పుడూ ఆయనేగా నన్ను పేట తీసకపోయింది. నన్ను లోపలికి పంపి, బయట బెంచీ మీద కూచునేవాడు."

"అవును."

"డాక్టరు గారు ఇప్పటికీ చెయ్యి పట్టుకుని నాడి చూసుకుంటా అడుగుతారే. 'జ్ఞానయ్య ఏడీ? బయట బీడీ కాలుస్తున్నాడా?' అని."

"అయ్యో... మొన్నేగా సమాధుల పండక్కి నాన్న సమాధికి సున్నం వేసొచ్చాం. నువ్వేమంటావమ్మా?"

"'అవునండీ, నా మాట వినడంలా. మీరన్నా మందలించండి' అంటా."