మాస్టారి జునిపర్

ఏంటి డయానా, కత్తెర పట్టుకు కూచున్నావు? జునిపరా, బోన్సాయ్ చేద్దామనా? నర్సరీలో చవగ్గా ఇచ్చాడా. ఆగమ్మా, అప్పుడే కొయ్యకు. కాస్త జరుగు, నేనూ కూచుంటా, మోకాళ్ళు... ఆఁ, సరే. నువ్వు పుట్టకముందు మీ పై వాటాలో నతానియేలు గారని డ్రాయింగు మాస్టారు ఉండేవారు. మహా పట్టుదల మనిషి. ఒక్కతే కూతురు, హెప్సిబా. ఆ పిల్ల లక్ష్మీకాంత్ అని మా వాళ్ళబ్బాయిని, హిందువుల పిల్లాణ్ణి, చేసుకుంది. ఈయన తిట్టలేదు, కొట్టలేదు, ఊరికే మాట్లాడ్డం మానేశారు. తర్వాత పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, నోరూ పోయింది. ఇహ మాట్లాడదామన్నా మాట లేదు. ఆ పిల్ల సేవ చెయ్యడానికి వచ్చేస్తే మొహం గోడకి తిప్పుకునేవారు. మొగుడు రోజూ సాయంత్రం క్యారేజీ తెచ్చి గేటు బయటే స్కూటర్ మీద కూచునేవాడు. లోపలికి రమ్మన్నవాళ్ళు లేరుగా.

ఒంట్లో బాగున్నప్పుడు హనుమాన్ జంక్షన్ దగ్గర ఆయనే కొన్నారు, నీ మొక్క లాంటిదే, దుబ్బులా ఉండేది. బోన్సాయ్ చేద్దామని. అది వరండాలో అలాగే పడుంది. ఓ రోజు నేను పేపరిద్దామని వెళ్తే, హెప్సిబా దాన్ని ఆయన ముందు బల్ల మీద పెట్టి పైమట్టి తోడుతోంది, వేళ్ళు కనబడేదాకా. తర్వాత ఒక్కో కొమ్మా పట్టుకుని, "ఇది తీసెయ్యనా నాన్నా?" కళ్ళు మూస్తే వద్దని, తెరిచుంటే సరేనని. అలా కోసుకుంటూ వచ్చి, మొదలు రెండుగా చీలినచోట ఆగింది. రెండూ సమానంగా ఉన్నాయి, ఒకటే ఉండాలి. "ఏది నాన్నా?" అంది. ఈయన కిటికీలోకి చూస్తున్నారు. "అప్పుడూ ఇంతేగా. పెళ్ళంటే ఊఁ అన్లేదు, ఉహూఁ అన్లేదు. ఇప్పుడైనా చెప్పండి, లేకపోతే రెండూ కోసేస్తా" అని కత్తెర ఒకదానికి ఆనించేసింది. ఈయన ఎడంచెయ్యి వచ్చి కూతురి చేతి మీద పడింది. ఆపుతున్నారనుకున్నా. కాదు, కత్తెర రెండోదాని మీదకి జరిపి నొక్కారు. తెగింది.

మిగిలినదానికి రాగి తీగ చుట్టి వంచాలి. ఒకళ్ళు పట్టుకోవాలి, ఒకళ్ళు వంచాలి. నా చేతులు చూశావుగా, అప్పటికే పిడికిలి పడేది కాదు. సాయంత్రం స్కూటర్ చప్పుడైతే ఈయన గేటు చూపించారు. "క్యారేజీ తెస్తానుండండి" అంది హెప్సిబా. మళ్ళీ గేటే చూపించారు. వాడు లోపలికొచ్చి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక నిలబడ్డాడు. "మొదలు దగ్గర గట్టిగా పట్టుకో" అంది హెప్సిబా. వంచుతుంటే లోపల చిటుక్కుమంది. అందరం బిగుసుకుపోయాం. "మావయ్యగారూ, వదిలెయ్యనా?" అన్నాడు. ఈయన కళ్ళు మూశారు. వాడికేం తెలుసు పాపం, ఆ పిల్లే చెప్పింది, "వద్దంటున్నారు, పట్టుకో" అని.

నెల తిరక్కుండానే మళ్ళీ స్ట్రోక్ వచ్చి మాస్టారు పోయారు. సమాధుల తోట నుంచి వచ్చి చూస్తే చెట్టు పచ్చగానే ఉంది. మరో వారానికి ఎర్రబడింది, ముట్టుకుంటే రాలింది. జునిపర్ అంతేనట, చచ్చినా కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తుందట. వేళ్ళు కెలికి, కొమ్మలు కోసి, వంచి, అన్నీ ఒక్కరోజే చేశారుగా. ఆయన చూసినన్నాళ్ళూ చచ్చిన చెట్టునే చూశారేమో. లక్ష్మీకాంత్ మాత్రం పొద్దున్నే నీళ్ళు పోసేవాడు. "ఎండిపోయిందిరా అబ్బాయ్" అన్నా. "తెలుసండీ" అన్నాడు. పోస్తూనే ఉన్నాడు.

ఇదుగో, మోటారు ఎవరూ కట్టలేదు, ట్యాంకు పొంగిపోతోంది చూడు.