పక్కన పెట్టిన పరీక్ష

అబ్బబ్బ, ఆగు అన్నయ్యా! ఆ మెయిలు అప్పుడే పంపకు. ఎంటర్ మీద నుంచి వేలు తియ్యి ముందు. మూడంతస్తులు ఎక్కి పరిగెత్తుకొచ్చాను, కాస్త ఊపిరి తీసుకోనీ.

చదివాను. తప్పులు చూడమని నాకు పంపావుగా! "చూపులేని వాళ్ళంటే లెక్కలేని మనిషి" అని రాస్తావా ఆయన్ని? అదీ అందరూ చదివే చోట!

అసలు ఆయనెవరో తెలుసా నీకు? నాకూ మొహం తెలీదనుకో. మాటకు మాట రాయడని మేమంతా మౌని అంటాం. నువ్వు వాడే సిస్టమ్ ఒక కంపెనీది కాదుగా, ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి చేసేది. అందులో పాస్‌వర్డ్ అడిగే తెరని చదివి వినిపించే గొంతు ఆయన రాసిందే. ఉద్యోగం నుంచి వచ్చాక కూర్చుని, ఏడాదిపాటు.

నా పనా? ఆయన రాయకముందే దానికి పరీక్ష రాయడం. నవ్వకు! "వండకముందే ఉప్పు తక్కువైందనే ఆడపడుచు" అని వదిన ఊరికే అంటుందా? కానీ పద్ధతే అంత. మెషిన్ ఆన్ అవ్వాలి, ఇయర్‌ఫోన్ పెట్టి ఉండాలి, ఇరవై సెకన్లలో గొంతు వినపడాలి. లేదంటే ఎర్ర గుర్తు. ఇంకా ఏమీ రాయలేదు కాబట్టి మొదటిరోజు ఎరుపే రావాలి.

వచ్చిందా? ఎక్కడా! పచ్చగా పాసైపోయింది! మెషిన్ మొదలైనప్పుడు టింగుమంటుందే, దాన్నే గొంతనుకుంది నా పరీక్ష. "చూశారా, నేనెంత తొందరగా పనిచేస్తానో" అని మౌని ఒక్క ముక్క రాశాడు. మావాళ్ళంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

సరే, దిద్దుకున్నాను. ఆయనా రాశాడు. మూడు వారాలు హాయిగా నడిచింది. ఆ తర్వాత పట్టుకుంది పీడ! పదిసార్లు నడిపితే ఒకసారి ఎరుపు. మళ్ళీ నడిపితే పచ్చ. ఎరుపు పడితే అందరి పనీ ఆగుతుంది కదా, ఒకటే గోల. కొత్త వెర్షన్ల విడుదల చూసుకునే పెద్దావిడైతే, "ఏమ్మా, ఎప్పుడూ నీదేనా?" అని అందరి ముందూ అడిగేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మౌని ఒక్కడే అన్నాడు, "పరీక్ష నిజమే చెబుతోందేమో. తీసెయ్యకండి. నాకు రెండు రోజులివ్వండి" అని.

ఎవరు తీసేశారనా? ఉండు, చెప్తున్నా. మంచినీళ్ళేవీ... ఆఁ, దొరికాయిలే.

నేనే, అన్నయ్యా.

గురువారం మధ్యాహ్నం. "ప్రస్తుతానికి వదిలెయ్" అని ఆ పరీక్షకి ఒక్క లైను తగిలించాను. అంతే, అంతా పచ్చగా అయిపోయింది. అందరూ హమ్మయ్య అన్నారు. ఆయనకి చెప్పనైనా లేదు. శుక్రవారం ట్రయల్ వెర్షన్ బయటికెళ్ళింది. శనివారం నీ మెషిన్‌లో ఎక్కించిందెవరు? నేనే! "ఇక పాస్‌వర్డ్ కొట్టి మెషిన్ తాళం తియ్యడానికి కూడా ఎవర్నీ పిలవక్కర్లేదు" అని గొప్పలు పోయిందెవరు?

సోమవారం పదింటికి ఆ మెషిన్‌లోనే నీ ఉద్యోగం ఇంటర్వ్యూ. ఇయర్‌ఫోన్లు ముందే పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నావు. గొంతేమో అప్పుడప్పుడూ ఇయర్‌ఫోన్‌లోకి రాకుండా దారి తప్పి ఇంకెక్కడికో పోతుంది, అదీ జబ్బు. ఆ రోజూ అలాగే పోయింది, నువ్వు పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోయావు. నాకు నాలుగుసార్లు ఫోన్ చేశావు. మీటింగులో ఉన్నానని ఎత్తలేదు. పదీ నలభైకి చూసుకునేసరికి అంతా అయిపోయింది.

మౌని ఆ శనివారమే లోపం పట్టుకున్నాడట. పరీక్ష నడుస్తూ ఉంటే ఆయన దిద్దుబాటు వచ్చేదాకా వెర్షన్ ఆగేది.

ఆ ఇంటర్వ్యూ వాళ్ళకి పొద్దున నేనే ఫోన్ చేశాను, ఇంకో రోజు పిలుస్తారేమోనని. వేరే అతన్ని తీసుకున్నారట. మర్యాదగానే చెప్పారు.

పదింట్లో ఒక్కసారేగా అనుకున్నాను. ఆ కుర్చీలో నువ్వుంటావని తట్టనే లేదు.

 ఆ కీబోర్డు ఇటు జరుపు. మెయిల్లో ఆయన పేరు కొట్టేస్తున్నా. నా పేరు పెడుతున్నా. పెట్టాను.

తిట్లన్నీ అలాగే ఉంచనా?

సరే, ఉంచుతున్నా.