పాదాల దగ్గర ఆగిన బేరం

1978 ఏప్రిల్ 3, సోమవారం నాడు శ్రీ కొండల్ రావుగారు అమెరికాలోని షామ్‌బర్గ్‌లో శిల్పాలు దిగుమతి చేసే మన సంస్థలో పరిశీలకులుగా చేరారు. అంతకుముందు వరంగల్‌లో రాళ్ల శాస్త్రం బోధించినవారు. ఈ పదకొండేళ్లలో వారి సంతకం లేనిదే ఒక్క విగ్రహమూ మన గడప దాటలేదు. ఆ సంతకం విలువ 1982 అక్టోబరులో తేలింది.

ఆ నెలలో ఒక రోజు కొత్తగా వచ్చిన పెట్టె మూత తీయగానే అందరికీ ఒళ్లు ఝల్లుమంది. పదమూడు శతాబ్దాల కిందట కంబోడియాలో ఖ్మేర్ శిల్పులు ఇసుకరాతిలో చెక్కిన హరిహరమూర్తి! తలపై ఒక సగం శివుడి జటలు, ఒక సగం విష్ణువు కిరీటం. కొనేవారు పక్క గదిలో సిద్ధంగా ఉన్నారు.

"అబ్బ, ఆ నవ్వు చూడండి!" అని ఆఫీసు చూసే విజయశ్రీగారు చప్పట్లు కొట్టారు.

కొండల్ రావుగారు మాత్రం బూట్లు విప్పి, గుడిలోలాగే కింద నుంచి మొదలుపెట్టారు. పాదాలు లేవు. చీలమండల దగ్గర రాయి పచ్చిగా, తెల్లగా ఉంది.

"మాస్టారూ, కస్టమర్ వెయిట్ చేస్తున్నాడు. ముందు ఫేస్ చూడండి!" అన్నారు యజమాని రవికుమార్‌గారు.

"ఇది కొత్త కోత సార్, ఎవరో గుళ్లకెళ్లి దొంగతనంగ కోసుకొచ్చిన్రు. రంపం గీతలు ఇంక మాయలేదు."

"పాత విరుపని రాసి సైన్ చేసేయండి."

"చెయ్య."

"మీ గ్రీన్ కార్డ్ పేపర్స్ నా టేబుల్ మీదున్నాయి, గుర్తుందా?"

"ఉంది. అది మీ సంతకం, ఇది నాది. ఆ పాదాలింక ఆ గుళ్లనే ఉంటయ్ సార్. నేనెట్ల రాస్త?"

"అయితే ఇంటికి వెళ్లండి!"

వెళ్లారు. వారి శ్రీమతి బాలమణిగారు తిరుగు ప్రయాణానికని అల్మరా పైనుంచి సూట్‌కేసులు దించారు. బేరం పోతే ఒక రోజు నష్టం, రాసిచ్చిన మాట మీద నమ్మకం పోతే దుకాణమే మూత. ఈ లెక్క కుదరడానికి రవికుమార్‌గారికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు వారి కారు కొండల్ రావుగారి ఇంటి ముందు ఆగింది.

"బేరం క్యాన్సిల్ చేశాను మాస్టారూ. స్వామిని కస్టమ్స్‌వాళ్లకి అప్పజెప్పాను. ఇవిగో మీ పేపర్స్, సైన్ చేసి తెచ్చాను. సోమవారం ఇంకో పెట్టె వస్తోంది. మీరొస్తేనే మూత తీస్తాను."

బాలమణిగారు నవ్వలేదు. "అట్లయితే ఈ సూట్‌కేసులు మీరే పైన పెట్టి పోండ్రి!" అన్నారు.

రవికుమార్‌గారు కోటు విప్పి, స్టూలెక్కి పెట్టారు.

1985లో ప్రధాన పరిశీలకులై, మ్యూజియంలవారు పేరు పెట్టి అడిగే స్థాయికి ఎదిగిన కొండల్ రావుగారు ఈ మార్చి 31న విశ్రాంత జీవితంలోకి అడుగుపెడుతున్నారు. ఆ దంపతులు నిండైన ఆరోగ్యంతో, మనుమల సందడి మధ్య, శతవసంతాలూ చూడాలని మనసారా కోరుకుంటున్నాం.