మొదట విన్నవారి పక్షాన నిలిచిన ఆచార్యురాలు

1991 జూన్ పదిహేడవ తేదీన మన క్రైస్తవ వేదాంత కళాశాలలో హీబ్రూ ఉపన్యాసకురాలిగా ప్రవేశించిన మేడంగారు, పాత నిబంధన విభాగంలో బోధనకు నియుక్తులైన ప్రథమ మహిళ. తొలినాటి తరగతిలో సుద్దముక్క అందుకుని హీబ్రూ లిపి రీతిలో కుడినుంచి ఎడమకు రాయడం ఆరంభించగానే వెనక బల్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె వెనుదిరగకుండానే, "నవ్వండి బాబూ, ఫర్వాలేదు. రేపు మీరు గొంతెత్తి చెప్పబోయే ప్రసంగాలన్నీ ఈ వైపునుంచే వచ్చాయి" అన్నారు. ఆ తర్వాత ఆ గదిలో నవ్వులకు కొదవ లేకపోయినా, అవి పాఠంతోపాటు వచ్చిన నవ్వులే.

వారి తండ్రిగారు సుప్రసిద్ధ బోధకులు. యెషయా ప్రవక్త యూదా రాజైన ఆహాజుకు ప్రకటించిన శిశుజనన సూచన ఆయన ప్రసంగాలకు ఆయువుపట్టు. కన్యకు జన్మించబోయే బిడ్డను గూర్చిన ఆ వాక్కు క్రీస్తునందే నెరవేరిందని ఆయన కంచుకంఠంతో వివరిస్తుంటే, ముందు వరుసలో తల్లి పక్కన కూర్చుని ఒళ్లు పులకరించగా విన్న బాలిక మేడంగారు. ఆ పులకింతే తనను మూలభాష దాకా నడిపించిందని ఆమె నేటికీ సగర్వంగా చెబుతారు.

అయితే తన తరగతిలో ఆమె ఆ వాక్కును వేరొక చోట మొదలుపెట్టారు. ఇద్దరు శత్రురాజులు ఏకమై దండెత్తి వస్తుండగా, గాలికి అడవిచెట్లు కంపించినట్లు కంపిస్తున్న ఆహాజును ముందుగా విద్యార్థుల కళ్లెదుట నిలిపేవారు. "ఏడువందల ఏళ్ల తర్వాతి సంగతి ఒక్కటే చెబితే, గుమ్మంలో శత్రువున్న మనిషికి ఏం ధైర్యం వస్తుందర్రా? ముందు ఆయనకి ఏం వినబడిందో చూద్దాం" అనేవారు. హీబ్రూలో ఆ బిడ్డతల్లిని సూచించే పదానికి యువతి అని అర్థమనీ, గ్రీకు అనువాదకులు దానికి కన్య అనే మాట వాడారనీ, సువార్త రచయిత క్రీస్తు జననపు వెలుగులో ఆ వాక్కును తిరిగి చదివాడనీ ఓపికగా విశదీకరించేవారు.

1997లో ఈ పాఠం మీద పాలకమండలికి ఫిర్యాదు వెళ్లింది. మేడంగారు ప్రవచనాన్నే కాదంటున్నారని అభియోగం. ఉద్యోగానికే ఎసరు వచ్చిన ఆ విచారణలో, మండలి పెద్దల్లో ఒకరు స్వయానా తండ్రిగారే. ఆ ఉదయం ఇంట్లో ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చుంటే తల్లిగారు, "తండ్రీకూతుళ్లు అక్కడికెళ్లి తేల్చుకోండి, నా వంటింట్లో కాదు" అని ఇద్దరినీ సాగనంపారు.

పొడవాటి బల్లకు ఆ చివర తండ్రి, ఈ చివర కూతురు. మిగిలినవారు తటపటాయిస్తుంటే ఆయనే అడిగారు.

"అయితే అమ్మాయీ, నేను జీవితమంతా చెప్పింది తప్పేనా?"

మేడంగారు మంచినీళ్ల గ్లాసు అందుకుని, తాగకుండానే కింద పెట్టారు.

"తప్పని నేననలేదు నాన్నా. క్రీస్తునందు ఆ మాట నిండిందని నేనూ నమ్ముతున్నాను. కానీ నిండడానికి ముందు ఒక పాత్ర ఉండాలి కదా. ఆ రాజుని పక్కకి నెట్టేస్తే, దేవుడు అప్పుడు అతనితో మాట్లాడలేదన్నట్టే అవుతుంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాకింకా ఒప్పుదల కాలేదు. కానీ పూర్తిగా వినని పాఠాన్ని ఆపమనడానికి నాకు నోరు రాదు. సోమవారంనుంచి నేనే వచ్చి కూర్చుంటాను" అన్నారు. మండలి ఫిర్యాదును పక్కన పెట్టింది. పాఠం ఆగలేదు.

డెబ్బై దాటిన ఆ పెద్దాయన అన్నమాట ప్రకారం వచ్చి, మనవళ్ల వయసువారి సరసన కూర్చుని, అక్షరాలు దిద్ది, సంవత్సరాంతంలో పరీక్ష కూడా రాశారు. తప్పారు! నాలుగు మార్కులు కలిపితే పోతుందిగా అని ప్రిన్సిపాలుగారు సూచించగా, "కలిపితే ముందు ఆయనే ఊరుకోరండీ" అన్నారు మేడంగారు. మార్కులు కలపలేదు; ఆయనా చిన్నబుచ్చుకోలేదు. "మా అమ్మాయి నన్నే ఫెయిలు చేసింది, తెలుసా!" అంటూ ఆయన కనబడినవారికల్లా మీసం మెలేసి చెప్పుకున్నారు. మరుసటి పరీక్షలో దర్జాగా ఉత్తీర్ణులయ్యారు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధనలో ఆయన అదే వాక్కును ప్రసంగాంశంగా తీసుకున్నారు. ఈసారి ఆహాజు భయంతో ఆరంభించి, ఆ నగరపు గోడలమీద, నీటికాలువ వెంట జనాన్ని నడిపించి, ఆ పిమ్మటే పశువుల తొట్టెలోని శిశువు దగ్గరకు తీసుకువెళ్లారు. ముందు వరుసలో మేడంగారు కన్నీళ్లు తుడుచుకోవడం కూడా మరచి విన్నారు. వేదిక దిగివస్తూ ఆయన, "రాజు దగ్గర ఆగాను, చూశావా?" అన్నారు.

"చూశాను నాన్నా. కాస్త ఎక్కువసేపే ఆగారు!"

2004లో విభాగాధిపతిగా బాధ్యతలు స్వీకరించిన మేడంగారు, యూదుల ప్రార్థనామందిర గురువుగారిని మన తరగతికి ఆహ్వానించి, మనం క్రీస్తును చూసే యెషయా గ్రంథంలోని శ్రమపడిన సేవకుని గీతంలో తమ జాతి కష్టాలనే చూసుకునే వారి పఠనాన్ని వారి నోటనే వినిపించారు. "పక్కింటి తాతగారు తన పిల్లలకి రాసిన మాటలు మనం కూడా చదువుకుంటున్నాం. మన నమ్మకం మనం చెప్పుకుందాం, కానీ ఆ ఇంట్లో ఆ పిల్లలింకా ఉన్నారన్న సంగతి మరిచిపోకండి" అని ఆమె చేసిన హెచ్చరిక, ఎందరో బోధకుల ప్రసంగాలకు మర్యాద నేర్పింది. మన భాషలో ఆమె రచించిన హీబ్రూ వ్యాకరణం చేతపట్టి చదువుకున్నవారిలో నలుగురు ఈనాడు ఇదే విభాగంలో ఆచార్యులు; వారిలో ఇద్దరు మహిళలు కావడం మనందరి గర్వకారణం.

విశ్రాంత జీవితంలో ప్రవేశిస్తున్న మేడంగారికి సంపూర్ణ ఆరోగ్యం, చెదరని చూపు, చదువుకోవడానికి వెలుతురున్న గది, వాదించడానికి ఉత్సాహవంతులైన మనవరాళ్లు సమృద్ధిగా లభించాలని ఆకాంక్షిస్తున్నాము. మనవారు నిండు నూరేళ్లని దీవిస్తారు. హీబ్రూ చదివే ఇళ్లలో నూట ఇరవై ఏళ్లని దీవిస్తారట. మన పాఠానికీ హీబ్రూ పాఠానికీ తేడా వచ్చినప్పుడు మేడంగారు ఏ పాఠాన్ని ఎంచుకుంటారో ఎరిగినవారం కనుక, నూట ఇరవైయే కోరుతున్నాము.